చిన్న చేప పుట్టింటికెళ్ళిన రోజులు

చేపల తొట్టి ముందు కూర్చుంటే బీపీ తగ్గుతుందని మా అల్లుడు ఎక్కడో విన్నాడు. మా ఆయనకి గుండె ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన కొత్తలో, బందరులో మా ఇంటి ముందుగదిలోకి ఒక గాజుతొట్టి మోయించుకొచ్చి పెట్టించాడు. అందులో మామూలు చేపలు కావు, సముద్రపు చేపలు. నారింజ రంగు ఒళ్ళు, తెల్లటి పట్టీలు. రెండూ కలిపి అరచేతిలో ఇమిడిపోతాయి. గుడివాడలో కొట్టతను వాటిని జోడీ అని చెప్పి అమ్మాడట. అప్పటికి మా అమ్మాయికి పెళ్ళయి ఏడాది తిరగలేదు. జోడీ అన్న మాట వినగానే మొగుడూ పెళ్ళాం మురిసిపోయి కొనేశారు.

తొట్టి వచ్చాక మా ఆయన బీపీ తగ్గలేదు. నాది పెరిగింది.

సముద్రం పక్కన కాపురముంటూ ఉప్పు ప్యాకెట్లు కొనుక్కొచ్చి నీళ్ళలో కలుపుకునేవాళ్ళు బందరు మొత్తం మీద మేమే అయ్యుంటాం. మంగినపూడి నుంచి రెండు బిందెలు తెచ్చుకుంటే పోదా అంటే, ఆ నీళ్ళలో బురదట. మా బోరు నీళ్ళు నోట్లో పెట్టుకోలేనంత ఉప్పన, అవీ పనికిరావట. మంచినీళ్ళ టిన్ను తెప్పించాలి, అందులో కొన్న ఉప్పు కలపాలి, రొయ్యల చెరువుల వాళ్ళు ఉప్పదనం కొలవడానికి వాడే సెలినిటీ మీటరు పెట్టి చూడాలి, అప్పుడు తొట్లో పొయ్యాలి. ప్రతివారం కొన్ని నీళ్ళు తీసేసి మళ్ళీ ఇదే తంతు. బరువులెత్తకూడదని డాక్టరుగారు మా ఆయనకి గట్టిగా చెప్పారు. నాకెవరూ ఏమీ చెప్పలేదు. కాబట్టి టిన్నులు నేనే ఎత్తాను.

నేను ప్రసూతి వార్డులో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. ఇక కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చనుకున్నాను. నా రిటైర్మెంటు, ఆయన ఆపరేషను వెనకాముందుగా వచ్చాయి. వార్డులో ఉన్నప్పుడు డ్యూటీ దిగే వేళంటూ ఒకటి ఉండేది. ఇంట్లో అది కూడా లేకుండా పోయింది.

ఆయన కాలేజీలో కామర్సు చెప్పేవారు. మాస్టారు ఎంత నెమ్మదిగా మాట్లాడేవారో అని ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు ఇప్పటికీ నాతో అంటుంటారు. ఆ నెమ్మదంతా కాలేజీలోనే అయిపోయేదేమో, ఇంటిదాకా వచ్చేది కాదు. కాఫీ వేడిగా ఉంటే కసురు, చల్లారితే కసురు. పేపరు మడత పాడైతే కసురు. చెయ్యెత్తిన మనిషి కాదు, ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను. కానీ పొద్దున లేచిన దగ్గర్నుంచి ‘ఏదీ?’ అన్న కేక. తువ్వాలు ఏదీ, మాత్ర ఏదీ, రిమోటు ఏదీ. నేను ‘అలాగేనండీ, ఇదిగోనండీ’ అంటూ తిరిగేదాన్ని. ఆ మాటలు నోటికి ఎంత అలవాటయ్యాయంటే, ఆయన ఏమీ అడక్కముందే అనేసేదాన్ని.

ఇక చేపల సంగతి. రెండిట్లో ఒకటి కాస్త పెద్దది, రెండోది చిన్నది. పేర్లేమీ పెట్టలేదు, పెద్దది, చిన్నది అనే పిలిచేవాళ్ళం. కొన్ని వారాలు బాగానే ఉన్నాయి. తర్వాత పెద్దది మొదలుపెట్టింది. చిన్నది ఎటు పోతే అటు తరిమేది. మేత వేస్తే దాన్ని దగ్గరికి రానిచ్చేది కాదు. తోక కొరికేది. చిన్నది పోయి నీళ్ళ పైపు వెనక నక్కితే అక్కడికీ పోయి పొడిచేది. అప్పుడు చిన్నది పక్కకి ఒరిగిపోయి గజగజ వణికేది. మొదటిసారి చూసినప్పుడు దానికి ఫిట్స్ వచ్చాయనే అనుకున్నాను. వణికాక పెద్దది ఊరుకుని వెళ్ళిపోయేది, కాసేపటికి మళ్ళీ వచ్చేది.

మా ఆయన ఇది చూసి ఊగిపోయేవారు. “చూడవే వాణ్ణి! ఆ పిల్లని బతకనిచ్చేలా లేడు. వీడికేం పోయేకాలం?” అని గాజు మీద వేళ్ళతో కొట్టేవారు. ఆ గుండెతో ఆయన అంత ఆవేశపడితే నాకు భయం. కాఫీ గ్లాసు పట్టుకుని పక్కన నిలబడేదాన్ని. నా వైపు చూడకుండానే గ్లాసు అందుకుని, ఒక గుక్క తాగి, “ఇదేం కాఫీ, కుడితిలా ఉంది” అనేవారు. మళ్ళీ తొట్టి వైపు తిరిగి, “పాపం, నోరు లేని పిల్ల” అనేవారు. నాకు నవ్వు రావాల్సిన చోటే, కానీ నవ్వడానికి ఓపిక లేక వంటింట్లోకి పోయేదాన్ని.

కొరికేది మగది, కొరికించుకునేది ఆడది. ఇందులో మాలో ఎవరికీ అనుమానం రాలేదు. మా అమ్మాయికి రాలేదు, అల్లుడికి రాలేదు. ఎదురింటావిడకి అసలే రాలేదు.

ఎదురింట్లో రోల్డుగోల్డు పని చేసే సాయిబుల కుటుంబం ఉంటుంది. ఆ ఇంటి పెద్దావిడ సాయంత్రాలు గాజులకి రాళ్ళు అతికించే పని చేత్తో పట్టుకునే మా ఇంటికి వచ్చి కూర్చుంటుంది. నన్ను సిస్టరుగారూ అంటుంది. ఆ రోజు తొట్టి వైపు చూసి చూసి, చేతిలో గాజు పక్కన పెట్టేసింది.

“ఇట్టా చూస్తా ఎన్నాళ్ళు ఊరుకుంటారండీ? ఈ పిల్లని కొన్నాళ్ళు పుట్టింటికి పంపెయ్యండి. దూరంగా ఉంటే ఇద్దరికీ బుద్ధొస్తది” అంది.

మా ఆయన వెంటనే తలూపారు. నాకూ ఆ మాట సబబుగానే తోచింది. మొగుడూ పెళ్ళాల గొడవ ముదిరితే మా వైపు పెద్దలు చెప్పే మొదటి తీర్పు ఇదే. చర్చి పెద్దలు కూర్చున్నా ఇంతే, మసీదు పెద్దలు కూర్చున్నా ఇంతే. పిల్లని కొన్నాళ్ళు పుట్టింట్లో ఉంచండి, నాలుగు ముద్దలు తిని ఒళ్ళు చేస్తుంది, అతనికీ దాని విలువ తెలిసొస్తుంది, ఆ తర్వాత సారె పెట్టి దింపండి. అలా పుట్టింటికొచ్చినవాళ్ళని నేను వార్డులో ఎంతమందిని చూశానో. ఆ తీర్పు సరైనదా కాదా అని ఎప్పుడూ ఆలోచించలేదు. తలనొప్పికి మాత్ర ఇచ్చినట్టు అందరూ ఇచ్చేదే కదా అనుకున్నాను.

చిన్నదాని పుట్టిల్లు ఎక్కడంటే గుడివాడ. అక్కడే కొన్నారు, మా అమ్మాయి కాపురం కూడా అక్కడే. బ్యాంకులో ఉద్యోగం. ఫోన్ చేసి చెబితే పకపకా నవ్వి, చిన్న తొట్టి ఒకటి సిద్ధం చేసి పెడతానంది. మూతకి చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ బకెట్లో ఉప్పునీళ్ళు పోసి, బ్యాటరీతో నడిచే గాలి పంపు తగిలించి, చేపని అందులో వేసి ప్యాసింజరు రైలెక్కాను. బకెట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఎదుటి సీటాయన మూత వైపు వంగి చూశాడు.

“రొయ్య పిల్లా అమ్మా? ఏ హేచరీది?”

“కాదండీ. చేప. మొగుడితో పడక పుట్టింటికెళ్తోంది.”

ఆయన మళ్ళీ గుడివాడ వచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

ఆ నెలలోనే మా అక్క జారిపడింది. దివిసీమలో, నాగాయలంక దగ్గర ఊళ్ళో ఒక్కతే ఉంటుంది. బావగారు పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. తొడ ఎముక విరిగితే ఆపరేషన్ చేసి ఇంటికి పంపించారు. మంచం మీద మనిషికి ఒళ్ళు తుడవాలి, బెడ్ పాన్ పెట్టాలి, ఇంజక్షన్లు వెయ్యాలి. ఇంట్లో నర్సు ఉండగా ఇంకొకర్ని పిలుస్తారా?

“మరి నా సంగతి?” అన్నారు మా ఆయన.

ఆయన మాత్రలు పొద్దునవీ రాత్రివీ విడివిడిగా సర్దాను. ఫ్రిజ్ నింపాను. రోజూ ఒక కూర పంపిస్తానని ఎదురింటావిడ మాటిచ్చింది. చేపకి ఎంత మేత వెయ్యాలో చూపించాను. నీళ్ళు మార్చడానికి అల్లుడొస్తాడు. గుమ్మం దిగేటప్పుడు కూడా “టీ పొడి ఏదీ?” అన్న కేక వినిపించింది. వెనక్కి వెళ్ళి చూపించి వచ్చాను.

బస్సు చల్లపల్లి చేరకముందే నిద్రపట్టేసింది. అవనిగడ్డలో కండక్టరు తట్టి లేపాడు. “ఏంటమ్మా, ఒంట్లో బాగాలేదా?” అన్నాడు. బాగానే ఉందన్నాను. అన్నానే గానీ, లేచి నిలబడితే ఒళ్ళు నాది కాదన్నట్టుంది. ఎన్నేళ్ళ నిద్ర అలా మిగిలిపోయి ఉందో నాకే తెలియదు.

అక్క దగ్గర పనేమీ తక్కువ కాదు. మనిషి భారీ మనిషి, పక్కకి తిప్పాలంటే నా నడుం విరిగేది. పొద్దున్నే పాలు, గేదె దగ్గరికి పనిమనిషి రాకపోతే ఆ పని కూడా. అయినా అక్కడ ‘ఏదీ?’ అనేవాళ్ళు లేరు. అక్క మంచం మీంచే “తిన్నావటే?” అని అడిగేది. తిన్నానంటే ఊరుకునేది కాదు, ఏం తిన్నావని అడిగేది. మొదట్లో నాకు జవాబు వచ్చేది కాదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక చెరో మంచం మీద పడుకునేవాళ్ళం. పంట కాలువ మీంచి గాలి వచ్చేది. చిన్నప్పుడు అమ్మ మా ఇద్దరికీ పేలు చూసిన సంగతులు, బైబిలు వచనం అప్పజెప్పలేక నేను ఏడ్చిన సంగతులు చెప్పుకునేవాళ్ళం. చెప్పుకుంటూ మధ్యలోనే నిద్రపోయేదాన్ని. పట్టపగలు ఎవరూ లేపకుండా నిద్రపోవడం నాకు అప్పుడే తెలిసింది.

మొదట్లో మా ఆయన ఫోన్లు వరసగా వచ్చేవి. పప్పులో ఎన్ని నీళ్ళు? పోపులో ముందు ఆవాలా, మినప్పప్పా? గ్యాసు బండ ఎటు తిప్పాలి? ఒకరోజు అన్నం అడుగంటిందని కసిరారు, అది కూడా నేనే అడుగంటించినట్టు. కసిరితే ఫోను చెవికి కాస్త దూరంగా పట్టుకునేదాన్ని. అక్క చూసి నవ్వేది. పోనుపోను ఆ అడగడం తగ్గింది. తర్వాత పూర్తిగా మానేశారు. “ఎలా ఉంది మీ అక్కకి?” “బానే ఉందండీ.” “నువ్వు?” “బానే ఉన్నా.” అంతే, పెట్టేసేవారు.

నేను లేకపోయినా ఇల్లు నడిచిపోతోందన్నమాట. హాయిగా అనిపించింది. గుచ్చుకుంది కూడా. రెండూ ఒకేసారి ఎలా అంటే చెప్పలేను.

మా అమ్మాయి చేప వీడియోలు పంపేది. కొత్తలో అది బెదురుబెదురుగా మూల నక్కేది. తర్వాత తొట్టి మధ్యలోకి వచ్చింది. గుడివాడలో దాని మేత దానిదే, దాన్ని తరిమేవాళ్ళు లేరు. “చూడమ్మా, ఎంత ఒళ్ళు చేసిందో! పుట్టింటి తిండి మరి!” అని మెసేజి పెట్టేది. అక్కకి చూపిస్తే, “నువ్వూ కాస్త రంగొచ్చావే” అంది.

అక్క వాకరు పట్టుకుని నడిచింది. ఆ తర్వాత కర్రతో నడిచింది. ఆ తర్వాత గేదె దగ్గరికి కూడా పోయి రావడం మొదలుపెట్టింది. నేను కదల్లేదు. ఎవరైనా అడిగితే ఫిజియోథెరపీ చేయించాలని చెప్పేదాన్ని. ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ అక్క అడిగేసింది.

“ఇక్కడే ఉండిపోవే. నాకెవరున్నారు? నీకు మాత్రం అక్కడేవుంది, ఆ గదమాయింపులు తప్ప?”

“ఆయన గుండె ఆపరేషన్ మనిషక్కా.”

“నువ్వొచ్చి మూడు నెలలైంది. బతికే ఉన్నాడుగా మరిదిగారు?”

ఉండిపోవచ్చు అన్న మాట అప్పటిదాకా నా బుర్రలో మూలెక్కడో ఉంది. అక్క దాన్ని బయటికి లాగి అరుగు మీద పెట్టేసింది. ఇక ఏ పని చేస్తున్నా అదే ఆలోచన. ఈ వయసులో మొగుణ్ణి వదిలి అక్క దగ్గర ఉంటే లోకం ఏమంటుంది అన్న భయం ఉంది. అంతకన్నా పెద్ద భయం, వెనక్కి వెళ్తే మళ్ళీ ఎప్పటికీ ఇలా పడుకోలేనని.

ఆ వారమే అమ్మాయి ఫోన్ చేసింది. “చిన్నదాన్ని తొట్లో చూస్తుంటే ఇక బందరు పంపొచ్చనిపిస్తోందమ్మా. ఆదివారం ఆరాధనయ్యాక తీసుకొస్తా. నువ్వూ వచ్చెయ్యి. ఇద్దర్నీ ఒకేసారి దింపేస్తే నా బాధ్యత తీరిపోద్ది” అని నవ్వింది.

అక్క సున్నుండలు చేసింది. కందిపొడి కొట్టించింది. సంచి కట్టి ఇస్తూ, “ఏం చేస్తావే?” అంది. రెండు రోజులు చూస్తానన్నాను. ఉండగలిగితే ఉంటాను. లేకపోతే బస్సెక్కి వచ్చేస్తాను.

బందరులో నా ఇల్లు శుభ్రంగా ఉంది. అది చూసి సంతోషించాలి కదా, నాకు చిరాకేసింది. వంటింట్లోకి పోయి చూస్తే పోపుల డబ్బా పొయ్యి కుడివైపుకి మారింది. బియ్యం డబ్బా కిందనుంచి గట్టు మీదికి వచ్చింది. వంగకూడదట ఆయన. నా పాత బాణలి కనిపించలేదు, కొత్తది వచ్చింది. టీ పెడదామని గిన్నె తీస్తే వెనకనుంచి ఆయన గొంతు.

“అది పాలగిన్నె. టీకి వేరే ఉంది. నువ్వు కూర్చో, నీకు తెలీదు.”

పెళ్ళయిన దగ్గర్నుంచి నేను వండిన వంటిల్లు. నాకు తెలీదట. అలవాటు ప్రకారం ‘అలాగేనండీ’ అనాల్సిన చోటు అది. నోరు తెరిచాను, మాట రాలేదు. టీ ఆయనే పెట్టారు. బాగానే ఉంది. అది ఇంకా ఒళ్ళు మండించింది. సంచి విప్పకుండా మంచం పక్కన పెట్టేశాను.

మధ్యాహ్నానికి అమ్మాయి బకెట్టుతో దిగింది. ఎదురింటావిడ కూడా వచ్చింది. కొత్తకోడలు గుమ్మంలో ఉన్నట్టు అందరం తొట్టి చుట్టూ చేరాం. అమ్మాయి బకెట్లోకి తొట్టి నీళ్ళు కొంచెం కొంచెంగా కలిపి, చేపకి అలవాటయ్యాక నెమ్మదిగా వదిలింది. చిన్నది ఇప్పుడు చిన్నది కాదు. పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పలేం.

పెద్దది తన మూలనుంచి చూసింది. ఎప్పట్లాగే దూసుకొచ్చింది. చిన్నది పక్కకి ఒరిగి వణుకుతుందని అందరం చూశాం. అది వణకలేదు. రెక్కలు విప్పుకుని ఎదురుగా నిలబడింది. టిక్కు టిక్కుమని ఏదో చప్పుడు కూడా వినిపించింది. మరుక్షణం రెండూ నోటికి నోరు కరుచుకుని గిరగిరా తిరిగాయి. ఒకటి తొట్లో రాయికి కొట్టుకుంది. “వలేదీ, వలేదీ!” అని మా ఆయన అరిచారు. అమ్మాయి వల పెట్టి విడదీసేసరికి పెద్దదాని రెక్క చిరిగి వేలాడుతోంది.

అమ్మాయి అక్కడే నిలబడి ఫోనులో వెతికింది. చదువుతుంటే దాని మొహం మారిపోయింది.

“అమ్మా, మనం మొత్తం తిరగేసి అర్థం చేసుకున్నాం. ఈ చేపల్లో పెద్దది ఎప్పుడూ ఆడదేనంట. మన పెద్దదే ఆడది. చిన్నది మగది.”

“మరి వణకడం?” అన్నాను.

“ఫిట్స్ కాదు. నువ్వే పెద్ద అని ఒప్పుకోవడమంట. అలా ఒప్పుకుంటేనే రెండూ కలిసుంటాయంట. మగదాన్ని ఒంటరిగా ఉంచితే, పైన ఎవరూ లేరు కాబట్టి అది కూడా ఎదిగి ఆడదైపోద్దంట. ఒకసారి అయ్యాక మళ్ళీ వెనక్కి మారదంట. ఇద్దరాడవాళ్ళు ఒకే తొట్లో ఇమడరమ్మా. చంపుకుంటాయి.”

“కుమ్మేసేది ఆడదా సిస్టరుగారూ!” అని ఎదురింటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వాపుకోలేకపోయిందో, పంపమని చెప్పింది తనే అని గుర్తొచ్చిందో, గాజులు తీసుకుని వెళ్ళిపోయింది. నా ఉద్యోగమంతా ఆడపిల్ల, మగపిల్లాడు అని చెప్పడమే. ఒక్క కాన్పులో కూడా తప్పు చెప్పలేదు. అరచేతిలో పట్టే చేప దగ్గర బోల్తా పడ్డాను. ఇందులో ఎవరు పెద్ద చేప, ఎవరు చిన్న చేప అని మా ఇంటికి అన్వయించుకునే ఓపిక ఆ రోజు నాకు లేదు. ఒక్కటి మాత్రం తట్టింది. మేము మంచి చేద్దామనే పంపాం. పంపకుండా ఉంటే కొరుక్కుంటూ, వణుక్కుంటూ రెండూ బతికి ఉండేవి. అదీ ఒక బతుకేనా అంటే, నాకు తెలియదు.

తెల్లారితే అమ్మాయికి బ్యాంకుంది. వచ్చే ఆదివారం చిన్న తొట్టి తెస్తానని, ఈలోపు దేన్నో ఒకదాన్ని తొట్లోనే చిల్లులున్న గిన్నె దించి అందులో వేరుగా ఉంచమని చెప్పి వెళ్ళింది. నేను వంటింట్లోకి పోయి బియ్యం కడిగే చిల్లుల గిన్నె తెచ్చాను.

“అది ఎందుకు తీశావ్? అది నా గిన్నె, రోజూ అందులోనే కూరలు కడుగుతాను” అన్నారు మా ఆయన.

“ఎవరి గిన్నె?”

నేను పెద్దదాన్ని గిన్నెలో ఉంచాలన్నాను, దెబ్బ తగిలింది దానికి కదా. ఆయన చిన్నదాన్ని ఉంచాలన్నారు. పెద్దది తన తొట్లో తను ఎందుకు ఖైదులో ఉండాలి, బయటినుంచి వచ్చింది చిన్నది కదా అన్నారు. “బయటినుంచి వచ్చిందా? ఇది దానిల్లు కాదా?” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆయన వల నా చేతికిచ్చి పక్కకి జరిగారు. పెద్దదాన్నే గిన్నెలో పెట్టాను. చిన్నది గిన్నె చుట్టూ తిరుగుతూ చిల్లుల్లోంచి చూస్తూ ఉంది.

పొద్దున్న చూసేసరికి పెద్దది గిన్నె అడుగున వాలిపోయి ఉంది.

మా ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని పెరటి మెట్ల మీద కూర్చున్నారు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను.

“మనమే చంపాం దీన్ని” అన్నారు.

“చిన్నదాన్ని పుట్టింట్లోనే ఉంచెయ్యాల్సింది.”

ఆయన తలెత్తి నా వైపు చూశారు. ఆ చూపు నేను చేప గురించి మాత్రమే అన్నానా అని అడుగుతోంది. ఇక ఆగలేకపోయాను. ఇన్నేళ్ళు గొంతులో పెట్టుకున్నదంతా ఆ మెట్ల మీదే వచ్చేసింది.

“వంటిల్లంతా మార్చేశారు. నా బాణలి పారేశారు. గిన్నె ముట్టుకుంటే నాది అంటున్నారు. ఇన్నాళ్ళు ఏ పనీ చెయ్యని మనిషి, నేను పోగానే అన్నీ నేర్చేసుకున్నారు. నేనుండగా ఒక్క గ్లాసు కడిగారా? నేనిప్పుడు ఎక్కడ నిలబడాలండీ ఈ ఇంట్లో?”

కసురుతారనుకున్నాను. కసిరితే బావుణ్ణనిపించింది, సంచి ఎలాగూ కట్టే ఉంది. ఆయన చేతిలో చేపని అటూ ఇటూ తిప్పి చూస్తూ కూర్చున్నారు.

“నువ్వు రావనుకున్నాను” అన్నారు చివరికి. “మీ అక్క నడుస్తోందని అమ్మాయి చెప్పింది. అయినా నువ్వు రాలేదు. ఇక రావని, ఒక్కణ్ణే ఉండాలని నేర్చుకున్నాను.”

‘ఎందుకు రాను, అవేం మాటలు’ అనాలి. ఎవరైనా అదే అంటారు. నేను అబద్ధం చెప్పలేనంత అలిసిపోయి ఉన్నాను.

“రాకూడదనే అనుకున్నానండీ” అన్నాను.

“తెలుసు.”

“ఎలా తెలుసు?”

“అక్కణ్ణుంచి మాట్లాడితే ఫోన్లో నీ గొంతు బావుండేది. ఇక్కడ నీ గొంతు అలా ఉండేది కాదు. అందుకే అవీ ఇవీ అడగడం మానేశాను.”

నాకు ఒక్కసారిగా ఏడుపొచ్చింది. ఆయన పక్కన మెట్టు మీద కూర్చుండిపోయాను. ఇన్నేళ్ళుగా ఈ మనిషి నా గొంతు వినేవాడని నాకు తెలియదు. విని కూడా కసిరారు కదా అని కోపం కూడా వచ్చింది, కానీ లేచి వెళ్ళేంత కోపం కాదు. మళ్ళీ ఎప్పుడు వెళ్తావని ఆయన అడిగారు. నెల నెలా కొన్నాళ్ళు అక్క దగ్గర ఉంటానని చెప్పాను. ఉండొచ్చా అని అడగలేదు, ఉంటానని చెప్పాను.

“వెళ్ళిన రోజు ఫోన్ చెయ్యి” అన్నారు.